గుండుసూది తలంత పంటిలో ఖండాల చరిత్ర

మన బిలాస్‌పూరు మీదుగా రేయింబవళ్ళు సాగిపోయే బొగ్గు బండ్లను చూడని పాఠకులుండరు. కోర్బా గనులలోని ఆ బొగ్గు సుమారు 28 కోట్ల సంవత్సరాల నాటి చిత్తడి అడవుల అవశేషం. నాడు భారతభూమి ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికాలతో కలసి దక్షిణార్ధగోళంలో ఒకే మహాఖండంగా ఉండేది. గోండుల నేల పేరు మీదనే దానికి ‘గోండ్వానా’ అనే నామం కలిగింది. అప్పటికి క్షీరదాలింకా అవతరించలేదు. తదుపరి కాలంలో అవి భూమిపై ఎట్లు వ్యాపించాయో తెలిపే సాక్ష్యాలను ఈ మాసం పాఠకుల ముందుంచుతున్నాము.

జురాసిక్ యుగపు క్షీరదాల దంతాలు ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలాస్తరాలలో లభించాయి. వానిలో ‘కోటాథీరియం’ను 1981లో వర్ణించారు. అటుపిమ్మట గోండ్వానా చీలిపోయింది. సుమారు 8.8 కోట్ల సంవత్సరాల క్రితం మడగాస్కర్ నుండి విడివడిన భారతభూమి ఉత్తరాభిముఖంగా కదలసాగింది.

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కనుపై లావా పొరలు పొరలుగా ప్రవహించింది. ఒక ప్రవాహానికి, మరొక ప్రవాహానికి నడుమ దొరికిన విరామంలో సరస్సులేర్పడి, వాని చెంత చిన్న జీవులు బ్రతికాయి. ఆ సరస్సుల మట్టిని నీటిలో జల్లించగా వికారాబాదు ప్రాంతపు నస్కల్ గ్రామంలో గుండుసూది తలంత దంతాలు బయటపడ్డాయి. వాని ఆధారంగా జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ‘దక్కనోలెస్టిస్’ను లోకానికి పరిచయం చేశారు. దాని బంధువర్గం ఐరోపా, ఉత్తర ఆఫ్రికాలలో కనిపిస్తుంది. నస్కల్‌లోనూ, మనకు పడమట దిండోరి జిల్లా కిసల్‌పురిలోనూ దొరికిన ‘భారత్‌థీరియం’ బంధువులో, మడగాస్కర్, దక్షిణ అమెరికాలవారు! ఒకే మట్టిలో రెండు వంశాలు: ఒకటి గోండ్వానా వారసత్వం, మరొకటి సముద్రాల నడుమ ఏదో ద్వీపమార్గాన రాకపోకలు సాగాయని సూచించే సాక్ష్యం. వలస ఏ దిక్కు నుండి ఏ దిక్కుకు సాగిందన్నది నేటికీ పండితుల నడుమ చర్చనీయాంశమే.

సుమారు 5.4 కోట్ల సంవత్సరాల నాటి ఉష్ణయుగంలో గుజరాత్ ప్రాంతం దట్టమైన వర్షారణ్యాలతో నిండి ఉండేది. అక్కడి వస్తాన్ లిగ్నైట్ గనిలో లభించిన ‘కాంబేథీరియం’ గుర్రాలు, ఖడ్గమృగాల వంశానికి సమీప జ్ఞాతి. ఆ వంశం భారతభూమిపైనే పుట్టి, ఆసియాతో నేల కలిసిన పిదప అన్యఖండాలకు వ్యాపించి ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

వస్తాన్ ఒక గని అన్న సంగతి మనవంటి గనివారు మరువరాదు. యంత్రం ఒక్క రోజులో తొలగించే మట్టిలో ఒక వంశచరిత్ర అంతరించవచ్చు. మన బొగ్గు పొరలలో క్షీరదాలు దొరకవు. అయినను ఆకుల అచ్చులు, చేపల పొలుసులు దొరకవచ్చు. అట్టివి కంటబడినప్పుడు కదపక, దొరికిన చోటును, లోతును వ్రాసుకొని, అధికారుల ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తెలియజేయవలసినదిగా సోదర ఉద్యోగులకు మా మనవి. చోటు తెలియని శిల మూగది. చోటు తెలిసిన శిల సాక్షి.