ఇల్లే ఆఫీసైతే ఆదివారం ఎక్కడ?

శనివారం రాత్రి ఆదివారపు ప్రసంగం టైపు చేసుకుంటున్నాం. అంశం దీర్ఘశాంతం. నాలుగో పేజీకి వచ్చేసరికి కరెంటు పోయింది. సేవ్ చేయని రెండు పేజీలూ దానితోపాటే పోయాయి. కరెంటు వచ్చాక పాత నోట్సు తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థం కాని గుర్తులు కనిపించాయి. ఒకప్పటి ఫాంటులో కొట్టిన ఫైలు అది. ఆ ఫాంటు ఈ కంప్యూటర్‌లో లేదు. సరిగ్గా అప్పుడే మా నాలుగేళ్ల మనవరాలు వచ్చి "తాతయ్యా, కథ చెప్పవా?" అంది. పనిలో ఉన్నది కనబడడం లేదా అని కసిరాం. ఆ పసిది బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయింది. దీర్ఘశాంతం గురించిన ప్రసంగం మాత్రం పూర్తయింది!

వారానికి ఒక్క రాత్రి కూర్చునే మాకే ఇలా ఉంటే, రోజూ ఇంట్లో కంప్యూటర్ ముందు పనిచేసే మన పిల్లల సంగతేమిటి? 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఎన్నో ఆఫీసులు ఇళ్లలోకి వచ్చాయి. తర్వాత చాలావరకు తెరుచుకున్నా, వారంలో కొన్ని రోజులైనా ఇంటినుంచే పనిచేసేవారు ఇప్పటికీ మన సంఘాల్లో ఉన్నారు. ప్రార్థన కోసం వాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు కళ్లారా చూస్తున్నాం. మంచం అంచున లాప్‌టాప్, ఎప్పుడూ వదలని మెడనొప్పి. పైఅధికారి మాట్లాడుతుండగా కుక్కర్ విజిల్. వీధిలో కూరగాయల బండి మైకు. నెట్ ఆగిపోతే "వినబడుతోందా? వినబడుతోందా?" అంటూ ఆ గదికీ ఈ గదికీ పరుగు. అమెరికా వారితో పనిచేసేవారి పరిస్థితి మరీ కష్టం. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలైతే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. ఇంటిల్లిపాదీ కుటుంబ ప్రార్థనకు కూర్చునే వేళకు వాళ్లు తలుపు వేసుకుంటారు.

మన మాటలు కూడా వారి భారాన్ని పెంచుతున్నాయి. "ఇంట్లోనే ఉన్నాడుగా, మందులు తెచ్చిపెడతాడు" అంటాం. కోడలైతే "ఇంట్లోనే ఉందిగా" అంటూ వంటా, పిల్లల చదువూ, వచ్చిన చుట్టాలకు కాఫీలూ అన్నీ ఆమెకే అప్పగిస్తాం. ఆఫీసు దృష్టిలో ఆమె ఎప్పుడూ ఆఫీసులో ఉన్నట్టే. ఇంటి దృష్టిలో ఎప్పుడూ ఇంట్లో ఉన్నట్టే. ఆమె ఒక్కరే కదా, రెండుచోట్లా ఎలా ఉండగలరు?

నిజానికి ఇంట్లో పని కొత్తదేమీ కాదు. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట ఉండి అపొస్తలుడైన పౌలు వారితో కలిసి డేరాలు కుట్టాడు (అపొ.కా. 18:1-3). చీరాలలో, మంగళగిరిలో, పోచంపల్లిలో నేతన్నల మగ్గాలు ఇళ్లలోనే ఉండేవి. అది కూడా చాకిరీయే. అయితే చీర మగ్గం దిగితే ఆ పని ముగిసిందని ఇంట్లో అందరికీ తెలిసేది. కంప్యూటర్ పనికి ఆ అంచు లేదు. ఒక మెయిల్‌కు జవాబిస్తే మరో రెండు వస్తాయి. మూత వేసి పడుకున్నా ఫోన్ మోగుతుంది.

ఇలా అలసిపోయినవారు మా దగ్గరకు వస్తే కాపరులుగా మేమేం చెబుతున్నాం? "ఓర్చుకోండి, ప్రార్థన చేయండి, ఉద్యోగం ఉన్నందుకు దేవుణ్ణి స్తుతించండి" అంటున్నాం. ఇది తప్పు మాట కాదు. లాక్‌డౌన్‌లో ఆటో నడిపేవారికీ కూలీలకూ ఇంటినుంచి పనిచేసే అవకాశమే లేదు. ఇంటిపని వల్ల కొందరికి బస్సు ప్రయాణం తప్పింది, ముసలి తల్లిదండ్రులను చూసుకునే వీలూ చిక్కింది. అయినా ఉద్యోగం ఇచ్చిన దేవుడే విశ్రాంతినీ ఆజ్ఞాపించాడు. ఒకదాన్ని మాత్రమే బోధించి రెండోదాన్ని దాచే అధికారం మాకు లేదు.

ద్వితీయోపదేశకాండము 5:14, 15 మరొక్కసారి చదవండి. ఆ ఆజ్ఞ అలసినవానికి మాత్రమే ఇచ్చింది కాదు. ముఖ్యంగా ఇంటి యజమానికి ఇచ్చింది. నీతోపాటు నీ పిల్లలు, దాసులు, పశువులు, పరదేశి, అందరూ విశ్రమించాలని అది చెబుతుంది. ఐగుప్తులో మీరు దాసులుగా ఉన్నారని కూడా గుర్తు చేస్తుంది. దాసునికి తన సమయం తనది కాదు. ఇతరుల సమయం ఎవరి చేతిలో ఉందో వారే ఈ ఆజ్ఞకు మొదట లోబడాలి. పని వేళలు దాటాక ఉద్యోగికి కాస్త తెరిపి ఉండాలని ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టాలున్నాయి. మోషే ధర్మశాస్త్రం చదివే మనం ఈ సంగతి వారికంటే ముందే గ్రహించవలసింది కాదా?

ఇక మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా సంఘంలో ఒక యువకుడు వారమంతా ఇంట్లో కంప్యూటర్‌తో కుస్తీ పడతాడు. కంప్యూటర్ తెలిసినవాడు కదా అని ఆదివారం మందిరంలో పాటల స్లయిడ్లు, ప్రత్యక్ష ప్రసారం అతనికే అప్పగించాం. శనివారం రాత్రి 11 గంటలకు వాక్యభాగాలు పంపేవాళ్లం. ఏడాది గడిచాక ఒకరోజు అతను నెమ్మదిగా అడిగాడు: "అయ్యగారూ, మరి నాకు ఆదివారం ఎప్పుడండీ?" మా దగ్గర జవాబు లేదు. భోజనానికైనా తీరిక లేని శిష్యులను ప్రభువు గద్దించలేదు, ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం అలసట తీర్చుకొమ్మన్నాడు (మార్కు 6:31). మేము ఆయన పేరు మీదనే ఆ కుర్రవాడి విశ్రాంతిని తీసేసుకున్నాం.

ఇప్పుడు ఆ పనిని నలుగురం వంతులు వేసుకున్నాం. అతను నెలలో మూడు ఆదివారాలు తల్లి పక్కన కూర్చుని పాడుతున్నాడు. రాత్రి 8 దాటాక సంఘం గ్రూపులో సందేశాలు పెట్టవద్దని పెద్దలం తీర్మానించుకున్నాం. విశ్వాసులలో యజమానులు, పైఅధికారులు ఎందరో ఉన్నారు. ఈ రాత్రి పంపదలచిన ఆ మెయిల్ రేపటిదాకా ఆగలేదా అని ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లోవారు తలుపు వేసి ఉన్న గదిని ఆఫీసుగానే గౌరవించండి. తలుపు తీసుకుని వచ్చినవారు ఫోన్‌ను ఆ గదిలోనే వదిలి రండి.

మేమైతే ప్రసంగాన్ని శుక్రవారానికే ముగిస్తున్నాం. శనివారం రాత్రి మా మనవరాలిది. మొదటి వారం ఆమెకు క్షమాపణ చెప్పాకే కథ మొదలుపెట్టాం.