బల్ల జారితే.. బతుకు భారం!
ట్రాలీల్లోకి ద్విచక్ర వాహనాల ఎక్కింపులో కొరవడిన జాగ్రత్త

నరసరావుపేట: రోడ్డుపై రెండు వాహనాలు ఢీకొంటే పోలీసులు వస్తారు. కేసు నమోదవుతుంది. ఆగి ఉన్న ట్రాలీ వెనుక జరిగే ప్రమాదాలకు ఇవేవీ ఉండవు. మొరాయించిన ద్విచక్ర వాహనాన్ని పైకి ఎక్కిస్తుండగా కాలు విరిగినా, వేళ్లు నలిగినా ‘పట్టు తప్పింది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నారు. గాయపడిన వ్యక్తి కూలి పనిపై ఆధారపడిన వాడైతే ఆ కుటుంబం నెలల తరబడి ఇబ్బంది పడాల్సి వస్తోంది.

2005లో టాటా ఏస్ రంగప్రవేశం చేశాక చిన్న సరకు రవాణా వాహనాలు మండల కేంద్రాలకు విస్తరించాయి. ఆ తరువాత బొలేరో పికప్‌లూ తోడయ్యాయి. ఇంజిన్ పనికి గుంటూరుకో, విజయవాడ ఆటోనగర్‌కో బండిని తరలించాలన్నా, ఇల్లు మారాలన్నా, పాత బండ్లు కొని అమ్మే వ్యాపారులైనా వీటినే ఆశ్రయిస్తున్నారు. మిర్చి కోతలకు కర్నూలు ప్రాంతం నుంచి పల్నాడుకు వచ్చే కుటుంబాల సామాన్లలోనూ ద్విచక్ర వాహనాలు కనిపిస్తున్నాయి. కిరాయి మాట్లాడేటప్పుడు దూరం, డబ్బు తప్ప ఎక్కింపు బాధ్యత ఎవరిదన్న ప్రస్తావన రావడం లేదు. చివరకు టీకొట్టు వద్ద ఉన్న నలుగురిని పిలిచి చేయి వేయమనడమే ఆనవాయితీగా మారింది.

సగం బరువు చేతుల మీదే..
నూరు సీసీ తరగతి బండి బరువు సుమారు 110 కిలోలు. బుల్లెట్ తరహా 350 సీసీ బండి 190 కిలోలు దాటుతుంది. ట్రాలీ అడుగు భాగం నేలకు 3 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, 6 అడుగుల బల్లపై నెట్టేవారు బండి బరువులో సగం భారాన్ని మోయాలి. అదే బల్ల 9 అడుగులుంటే మూడో వంతు చాలు. అంటే 190 కిలోల బండికి 95 కిలోల భారం 63 కిలోలకు తగ్గుతుంది. దొరికిన చెక్కముక్కను ఆనించి ఎక్కించేవారు ఈ తేడాను పట్టించుకోవడం లేదు.

ప్రమాదం ఎక్కడంటే..
బల్ల పైకొన వెనుక డోరుపై ఊరికే ఆని ఉంటుంది. ఇంజిన్ నడుపుతూ ఎక్కిస్తే వెనుక చక్రం ఆ బల్లను వెనక్కి తన్నుతుంది. బల్ల జారగానే బండి, మనిషి ఒక్కసారిగా కింద పడతారు. బండిపై కూర్చుని ఎక్కించేవారికి ముప్పు మరీ ఎక్కువ. మధ్యలో ఇంజిన్ ఆగితే కాలు ఆనేందుకు నేల అందదు. యాక్సిలరేటర్ ఎక్కువ ఇస్తే ముందు చక్రం లేచిపోవచ్చు, లేదా బండి నేరుగా వెళ్లి క్యాబిన్‌ను గుద్దుకోవచ్చు.

బండి వెనక్కి జారేటప్పుడు అందరూ ముందు బ్రేకు పట్టుకుంటారు. ఏటవాలుపై భారమంతా వెనుక చక్రంపైకి చేరడంతో ముందు చక్రం బిగుసుకున్నా జారుతూనే ఉంటుంది. పక్కన నడిచేవారికి వెనుక బ్రేకు పెడల్ అందదు. సరిగ్గా వెనుక నిలబడి నెట్టేవారి మీదకే బండి వస్తుంది. వేడెక్కిన సైలెన్సర్ తగిలి కాళ్లు కాలడం, ఒరిగిన బండి నుంచి పెట్రోలు కారడం అదనపు ముప్పులు. హ్యాండ్ బ్రేక్ పట్టని ట్రాలీ ముందుకు కదిలినా ఫలితం ఇంతే.

బీమా ఎవరికి వర్తిస్తుంది?
బండి ఒరిగిపోకుండా పట్టుకునేందుకు ఒకరిని వెనుక కూర్చోబెట్టడం సర్వసాధారణమైంది. సరకు వాహనాల్లో ఉచితంగా ప్రయాణించేవారికి బీమా సంస్థ పరిహారం చెల్లించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. 1994 నాటి చట్ట సవరణ సరకు యజమానికి, అతని ప్రతినిధికి రక్షణ కల్పించింది. అయితే వారు క్యాబిన్‌లోనే ప్రయాణించాలని 2007లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేసులో అదే న్యాయస్థానం పేర్కొంది. వెనుక కూర్చున్నవారు ఈ రక్షణకు దూరమవుతున్నారు.

బండికి జరిగే నష్టం సంగతి వేరు. సమగ్ర పాలసీ ఉంటే రోడ్డు, రైలు మార్గాల్లో తరలించేటప్పుడు కలిగే నష్టానికీ బీమా వర్తిస్తుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత బండి మరమ్మతుకు ఒక్క రూపాయీ రాదు. డోరు తెరిచి చక్రం బయటకు వచ్చేలా తీసుకెళ్తే 2019 సవరణ చట్టం ప్రకారం రూ.20 వేల జరిమానాకు అవకాశం ఉంది.

ఇలా చేస్తే మేలు..
* ట్రాలీని పల్లంలో నిలిపి, వెనుక భాగాన్ని గట్టుకు లేదా దిబ్బకు ఆనించాలి. ఎత్తు తగ్గితే సగం ముప్పు తప్పినట్లే.
* ట్రాలీని గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. పని పూర్తయ్యాక ఆ రాళ్లను రోడ్డుపై వదలరాదు.
* బల్ల పైకొనను గొలుసుతో లేదా తాడుతో ట్రాలీకి కట్టాలి. మనిషి నడిచేందుకు పక్కన మరో బల్ల ఉండాలి.
* గేర్ల బండి అయితే ఇంజిన్ ఆపి, మొదటి గేరులో ఉంచి, క్లచ్ పట్టుకుని నెట్టాలి. జారుతోందనిపిస్తే క్లచ్ వదిలితే వెనుక చక్రం బిగుసుకుంటుంది.
* సాయం పట్టేవారు ఇరుపక్కలా ఉండాలి. బండికి సూటిగా వెనుక ఎవరూ నిలబడకూడదు.
* సైడ్ స్టాండ్‌పై వదలకుండా నిటారుగా నిలిపి నాలుగు వైపులా తాళ్లు బిగించాలి. కొన్ని కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ చూసుకోవాలి.

రైల్వే పార్సిల్‌లో బండి పంపాలంటే పెట్రోలు పూర్తిగా తీసి, ప్యాకింగ్ చేయించాల్సిందే. ట్రాలీ కిరాయిల్లో అలాంటి కట్టుబాటు ఏదీ ఆచరణలో లేదు. రహదారి భద్రత కార్యక్రమాల్లో ప్రచారం హెల్మెట్, సీటు బెల్టుల చుట్టూనే తిరుగుతోంది. ట్రాలీ అడ్డాల వద్ద డ్రైవర్లకు ఒక పూట అవగాహన కల్పించి, ప్రతి అడ్డాలో కొక్కేలున్న పొడవాటి బల్ల ఒకటి ఉమ్మడిగా ఉంచుకునేలా చూస్తే ఖర్చు స్వల్పమే. కిరాయి కుదుర్చుకునేటప్పుడే ఎక్కింపు, దింపుడు ఎవరి బాధ్యతో తేల్చుకుంటే సాయానికి వచ్చినవారు ఆస్పత్రి పాలయ్యే పరిస్థితి చాలావరకు తప్పుతుంది.