గేమ్స్ పీరియడ్ తిరిగి ఇవ్వండి సార్!

మా సెక్షన్‌లో కళ్ళజోడు ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళని లెక్కపెట్టడం తేలిక. కంప్యూటర్ సైన్స్ కదా, అంతా స్క్రీన్ మహిమ అనుకుంటాం. కానీ ఒకసారి అడిగి చూడండి. చాలామందికి ‘సైట్’ వచ్చింది బీటెక్‌లో కాదు, ఆరో తరగతికీ టెన్త్‌కీ మధ్యలో. అప్పటికి మనం ల్యాప్‌టాప్ కొననేలేదు.

సైట్ అంటే పుస్తకాల భాషలో హ్రస్వదృష్టి. కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా పొడవుగా పెరుగుతుంది. దాంతో దూరపు వస్తువు బొమ్మ రెటీనా మీద కాకుండా దానికి ముందే పడుతుంది. అందుకే పుస్తకం క్లియర్, బోర్డు మసక. సాగిన కనుగుడ్డు మళ్ళీ వెనక్కి రాదు. నంబర్ మరీ పెరిగితే పెద్దయ్యాక రెటీనా ఊడిపోవడం, గ్లాకోమా లాంటి ప్రమాదాలు కూడా ఎక్కువ.

మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలకి పరీక్షలు చేసి 2002లో ఫలితాలు ప్రచురించారు. నూటికి సుమారు నలుగురికి హ్రస్వదృష్టి ఉంది. అదే ఏడాది వచ్చిన ఢిల్లీ నగరం లెక్కలో నూటికి ఏడుగురు. 2015లో ఢిల్లీ స్కూళ్ళ లెక్క చూస్తే 13 మంది. మాచర్ల, గురజాల వైపు పల్లెల్లో పుట్టిన మనం మాత్రం ఆరో తరగతికే హాస్టల్లో పడి, ఊరు మారకుండానే పట్నం పిల్లల కళ్ళు తెచ్చుకుంటున్నాం.

ఇంట్లో అందరూ ఫోన్‌నే తిడతారు. ఫోన్ తప్పేమీ లేదని నేను అనను. కానీ తైవాన్, సింగపూర్‌లలో స్మార్ట్‌ఫోన్లు రాకముందే ఈ సమస్య విపరీతంగా ఉంది. అక్కడా మనలాగే చదువుల పోటీ, పిల్లలు ఎప్పుడూ గదుల్లోనే.

అసలు కొరత వెలుతురు. క్లాస్‌రూమ్‌లో వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటే, బయట ఎండలో పదివేలు దాటుతుంది. ఆ వెలుతురుకి రెటీనాలో డోపమిన్ విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని జంతువుల మీద ప్రయోగాలు చెప్తున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాలు అదనంగా బయట క్లాస్ పెట్టి మూడేళ్ళు చూశారు. మామూలు స్కూళ్ళలో నూటికి దాదాపు 40 మందికి సైట్ వస్తే, ఈ స్కూళ్ళలో 30 మందికే వచ్చింది. తైవాన్ 2010 నుంచి పిల్లల్ని రోజుకి రెండు గంటలు బయట ఉంచమని స్కూళ్ళకి చెప్పింది. ఏళ్ళ తరబడి పెరిగిన సంఖ్య ఆ తర్వాత తగ్గడం మొదలైంది.

“పల్నాడు ఎండల్లో పిల్లల్ని బయటికి పంపాలా?” అంటారు. మిట్టమధ్యాహ్నం ఎవరూ పంపమనడం లేదు. పొద్దున, సాయంత్రం చాలు. వేపచెట్టు నీడలో కూడా క్లాస్‌రూమ్ కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. డబ్బుతో కొనక్కర్లేని ఈ వెలుతురు మన దగ్గర ఉన్నంతగా ఇంకెక్కడుంది?

“మరి ర్యాంకులో?” ఇదే అసలు ప్రశ్న. నేను చదివిన స్కూల్లో టైమ్‌టేబుల్ మీద గేమ్స్ అని రాసి ఉండేది. ఆ పీరియడ్‌లో వచ్చేది మాత్రం మ్యాథ్స్ సార్. సాయంత్రం స్టడీ అవర్, రాత్రి ఇంకో స్టడీ అవర్. సూర్యుడిని చూసేది హాస్టల్‌కీ క్లాస్‌కీ మధ్య నడిచేటప్పుడే. ఆ 40 నిమిషాల్లో పోయే ర్యాంకు ఎంతో నాకు తెలీదు గానీ, పోయే చూపు మాత్రం తిరిగి రాదు.

2019లో వైఎస్సార్ కంటి వెలుగు కింద మన రాష్ట్రంలో లక్షల మంది స్కూలు పిల్లలకి కంటి పరీక్షలు చేసి, అవసరమైనవాళ్ళకి ఉచితంగా కళ్ళజోళ్ళు ఇచ్చారు. మంచి పనే. బోర్డు కనపడక వెనకబడే పిల్లకి అది ప్రాణం. కానీ మన భాషలో చెప్పాలంటే కళ్ళజోడు ప్యాచ్ మాత్రమే. బగ్ టైమ్‌టేబుల్‌లో ఉంది.

మనకి వచ్చిన సైట్ ఎండలో తిరిగితే పోదు. కానీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటారు కదా. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించండి. జోడు పెట్టుకుంటే నంబర్ పెరుగుతుందనీ, ఆడపిల్లకి సంబంధాలు రావనీ ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఇంకో పని కూడా ఉంది. వాళ్ళ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి ఈసారి అమ్మానాన్నలతో మనమూ వెళ్దాం. మార్కుల గురించి అడిగేవాళ్ళు ఎలాగూ ఉంటారు. గేమ్స్ పీరియడ్ ఏమైందని మనం అడుగుదాం.