ఏ షిఫ్టురా మీ బాపుది?

2024 మే నెలలో జనం రావడం లేదని తెలంగాణలో సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజులు ఆటలు ఆపేశాయి. అప్పటినుంచీ తెలుగులో ఒక రకం వ్యాసం బాగా ఎక్కువైంది. మీరూ చదివే ఉంటారు. నేల టికెట్టు, ఇంటర్వెల్ సమోసా, తెర మీదికి విసిరిన కాయితం ముక్కలు, సెకండ్ షో వదిలాక ఖాళీ రోడ్డు మీద నడక. చివర్లో మల్టీప్లెక్సునీ ఓటీటీనీ నాలుగు తిట్లు, ఒక నిట్టూర్పు. ఊరి పేరు మారిస్తే చాలు, అదే వ్యాసం తెనాలికీ సరిపోతుంది, వరంగల్‌కీ సరిపోతుంది.

నాకు ఆ వ్యాసంతో పేచీ ఉంది. "ఎవరి జ్ఞాపకాలు వాళ్లు రాసుకుంటే నీకేం నష్టం?" అని ఒక మిత్రుడు అడిగాడు. నష్టం ఉంది. ఆ వ్యాసాల్లో థియేటర్ నిండా జనం ఉంటారు గానీ ఆ జనానికి పని ఉండదు. వాళ్లు ఈలలు వేయడానికే పుట్టినట్టు ఉంటారు. ఎక్కడ పని దిగి వచ్చారు, మళ్లీ ఎన్నింటికి పనిలోకి పోవాలి, జేబులో డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నలు ఎవరికీ రావు. అందుకే ఆ జనం మాయమైనప్పుడు "అభిరుచి మారింది" అని తేల్చేసి చేతులు దులుపుకుంటున్నాం.

మాది గోదావరిఖని. సింగరేణి బాయిల్లో మూడు షిఫ్టులు. పొద్దున 7 నుంచి 3 దాకా మొదటిది, 3 నుంచి రాత్రి 11 దాకా రెండోది, 11 నుంచి తెల్లారి 7 దాకా నైట్ షిఫ్టు. వారానికోసారి మారేవి. మా ఇంట్లో అన్నం వండే టైము, టీవీ సౌండు, చుట్టాలు రావాల్సిన రోజు అన్నీ ఆ లెక్క ప్రకారమే నడిచేవి. సినిమా కూడా అంతే.

బాపుది మొదటి షిఫ్టయితే రాత్రి తొమ్మిదికల్లా తలుపుకి గొళ్లెం పడేది. ఆయన పొద్దున ఐదింటికి లేవాలి. రెండో షిఫ్టయితే పదకొండున్నరకి ఇంటికొచ్చి ఎవరెవరు పడుకున్నారో చూసేవాడు. ఇక మిగిలింది నైట్ షిఫ్టు వారం. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని తొమ్మిదీ ముప్పావుకి బయల్దేరేవాడు. మేం పది నిమిషాలు ఆగి బయటపడేవాళ్లం. అమ్మకి తెలుసు, ఏమీ అనేది కాదు. టైటిల్స్ అయిపోయాక లోపలికి పోయేవాళ్లం కాబట్టి ఎన్నో సినిమాల్లో హీరో ఎంట్రీ నేను చూడనే లేదు. కొత్త బొమ్మ పడిందంటే మా క్వార్టర్ల పోరగాండ్లు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "గీ వారం మీ బాపుది ఏ షిఫ్టురా?" నలుగురి బాపులకీ ఒకే వారం నైట్ పడితే మాకు పండగ.

సెకండ్ షో స్వేచ్ఛ గురించి రాసేవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఒక నిమిషం ఆగాలి. నేను బాల్కనీలో కాళ్లు చాపుకుని ఆట చూస్తుండగానే ఒక మనిషి భూమి లోపలికి దిగేవాడు. ఆయన నైటు వల్లే నాకా ఆట దొరికింది.

మ్యాట్నీ కథా అంతే. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకోవాలి. రెండు గదుల క్వార్టర్లో పిల్లలు తిరుగుతుంటే నిద్రెక్కడిది? చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని మధ్యాహ్నం ఆటకి తోలుకపోయింది సగం ఆ నిద్ర కోసమే. సెకండ్ షోలో మాత్రం ఆడవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఊరంతా కలిసి సినిమా చూసిన రోజులు" అని రాసేవాళ్లు ఆ ఊరంతాలో ఎవరెవరున్నారో ఓసారి లెక్క చూసుకుంటే మంచిది.

సినిమా వదిలాక రాత్రి ఒంటిగంటకి చౌరస్తాలో చాయ్ దొరికేది. ఇప్పుడు రాస్తే దీన్ని "నిద్రపోని ఊరు" అంటారు. నైటుకి పోయేటోళ్ల కోసం, రెండో షిఫ్టు దిగొచ్చేటోళ్ల కోసం వెలిగించిన పొయ్యి అది. నేనిప్పుడు అమెరికా క్లయింటు కోసం అర్ధరాత్రి కాల్స్‌లో కూర్చుంటాను. దాన్ని ఎవరూ కవిత్వం అనరు. పక్కవాడి నిద్రలేమి మాత్రం మనకి కవిత్వంలా కనిపిస్తుంది.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. వచ్చే నెలలోనే 'సింహాద్రి' విడుదలైంది. నాకప్పుడు పదిహేనేళ్లు. ఇంటర్వెల్లో మా ముందు వరసలో ఇద్దరు మాట్లాడుకున్నది నాకింకా గుర్తుంది: ఏ బాయి పక్కన పాత పనుల్లో ఎంత నీళ్లు నిలిచున్నాయో. బెల్లు మోగాక మళ్లీ లోపలికెళ్లి ఈలలు వేశారు. ఈల ఒక్కటే రాసి ఆ మాటల్ని వదిలేస్తే సగం జ్ఞాపకమే రాసినట్టు.

ఇక అసలు సంగతి. సెకండ్ షోని ఎవరు చంపారు?

ఓటీటీ రాలేదా, టికెట్ రేట్లు పెరగలేదా అంటారు. వచ్చింది, పెరిగాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ గురించి మాట్లాడుకోవడానికి ఆ కారణాలు సరిపోతాయేమో. అమెజాన్ ప్రైమ్ ఇండియాలో సినిమాలు చూపించడం మొదలుపెట్టింది 2016 చివర్లో, ఆహా వచ్చింది 2020లో. మా దగ్గర సెకండ్ షో పల్చబడటం అంతకు చాలా ముందే, కాలేజీ సెలవులకి ఇంటికొచ్చిన ప్రతిసారీ చూశాను. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు, ఏడాదికి ఇరవై మిలియన్ టన్నుల చుట్టూ బొగ్గు. ఇవాళ కార్మికులు దాదాపు 40 వేలు, బొగ్గు సుమారు 70 మిలియన్ టన్నులు. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు మూడో వంతుకి దగ్గరపడ్డారు.

ఇదెలా అయ్యిందో మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు తీసే బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుది. అక్కడ వంద మంది పని ఒక యంత్రం చేస్తుంది. పైమట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. పర్మినెంట్ కార్మికుడి జీతం కాంట్రాక్ట్ కార్మికుడికి రాదు. పక్కనే రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడి, ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది 2021లో. ఆ ఇరవై రెండేళ్లలో ఎన్ని కుటుంబాలు ఊరు విడిచిపోయాయో థియేటర్ బుకింగ్ కౌంటర్‌కి తెలిసే ఉంటుంది. నెలనెలా జీతం తెచ్చుకునే మగవాళ్లు వేల సంఖ్యలో ఒకే చోట ఉంటే సెకండ్ షో నడుస్తుంది. లేకపోతే ఎంత మంచి సౌండ్ సిస్టం పెట్టినా నడవదు.

దీనికి మన సినిమా ఏం చేసింది? 1975 డిసెంబర్‌లో చస్నాలా గని ప్రమాదం జరిగితే నాలుగేళ్లలో అమితాబ్ బచ్చన్‌తో యశ్ చోప్రా 'కాలా పత్థర్' తీశాడు. అందులోనూ మసాలా ఉంది, అయినా గని ఉంది, గనిలోకి దిగే మనుషులున్నారు. మన పెద్ద హీరోల సినిమాకి 7 ఎల్ఈపీ కథ కాలేదు. 2023లో 'దసరా' వచ్చినప్పుడు మా యాస తెర మీద విని నేనూ సంబరపడ్డాను. నాని మొహం నిండా బొగ్గు మసి ఉంది. వీర్లపల్లి సెట్టూ బ్రహ్మాండంగా ఉంది. కథ మాత్రం బారు చుట్టూ, బొగ్గు రైలు దొంగతనం చుట్టూ, పగ చుట్టూ తిరుగుతుంది. బాయి పని చేసే మనిషి రోజు ఎలా గడుస్తుందో ఆ సినిమాకి పట్టలేదు. ఆ రోజు కావాలంటే అల్లం రాజయ్య దగ్గరికో, పి. చంద్ దగ్గరికో పోవాలి. ఇన్నేళ్లు టికెట్టు కొని సినిమాని బతికించిన ఊరి వైపు సినిమా సరిగా తలతిప్పి చూడలేదు. ఇప్పుడు వ్యాసాలు రాసే మనం కూడా చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

జ్ఞాపకాలు రాయొద్దని నేననను. రాయండి, అయితే లెక్కలతో సహా రాయండి. మీ ఊరి థియేటర్ ఏ మిల్లు, ఏ ఫ్యాక్టరీ, ఏ పంట డబ్బుతో నిండేదో కనుక్కోండి. అది ఎప్పుడు ఆగిపోయిందో రాయండి. ఫస్ట్ షోకి ఎవరొచ్చేవాళ్లు, సెకండ్ షోకి ఎవరు రాలేకపోయేవాళ్లు అని మీ అమ్మనడగండి. గేటు దగ్గర టికెట్టు చింపిన మనిషి ఇప్పుడేం చేస్తున్నాడో వెతకండి. అవన్నీ రాశాక సమోసా రుచి గురించి ఎంతైనా రాయండి, కూర్చుని చదువుతాను.