కాలింది వెనకిల్లు, కూలగొట్టేది ఇల్లంతానా?

ఉగాదికి ఊర్లో అందరం కలిసినప్పుడు మన ఇంటోళ్ళు ఒక మాటకి వచ్చేసినారు. చింతామణి పక్కన మన పాతిల్లు ఎట్లా కాలిపోయింది, జేసీబీ పిలిపించి నేలమట్టం చేసి సైటుగా అమ్మేద్దాం అని. పెద్దనాయన చెప్పినాడు, చిన్నాయన తల ఊపినాడు, మిగిలినోళ్ళు ఓళిగలు తిన్నారు. నేనూ తిన్నా. ఆ రోజు నోరు తెరవనందుకు ఇప్పుడు ఇంత రాయాల్సి వచ్చింది. కన్నడ బడిలో చదివినవాణ్ణి, నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. లెక్కలో తప్పుంటే మాత్రం చెప్పండి.

ఇల్లు అమ్మొద్దని నేను అనడం లేదు. మనలో ఎవరూ ఆడికి పోయి కాపురం పెట్టేది లేదు. అమ్మండి. అమ్మేదానికి ముందు ఇల్లంతా పడగొట్టేదే తప్పు అంటున్నా.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టరుని. ఏది పనిచేస్తాంది, ఏది చెడింది, ఎక్కడ చెడింది అని విడివిడిగా చూసి రాసేదే నా పని. చూడకుండానే "ఫెయిల్" అని రాస్తే నా ఉద్యోగం ఒక వారం కూడా నిలవదు. మన ఇంటి విషయంలో మనం చేసింది అదే. వాకిట్లో నిలబడి, మసి చూసి, "అంతా పోయింది" అనేసినాం.

నిజంగా ఏం కాలింది? వెనకింట్లో పేర్చిన పట్టుపురుగుల చంద్రికలు. ఏండ్ల నుంచి ఎండిన వెదురు, దాని మీద పాత వైరింగు. మంట అక్కడ పుట్టింది, వంటింటికి పాకింది. పడసాలకి పొగ వచ్చింది, దూలాల చివరలు నల్లబడినాయి. ముందరి రెండు గదుల్లో మసి తప్ప ఏమీ లేదు.

వెనకింటి కప్పు చప్పడి రాళ్ళది. దాని గురించి నాకు వాదన లేదు, అది దించాల్సిందే. మన దిక్కు బండ పనోళ్ళు కట్టెలు పేర్చి మంట పెట్టి బండను పొరగా లేపేది మీరంతా చూసినారు. వేడికి గ్రానైటు లోపల్నుంచి చీలుతుంది. ఆ రోజు ఎర్రగా కాగిన రాళ్ళ మీద బిందెలతో నీళ్ళు కూడా పోసినాం. పైకి బాగున్నట్టు కనబడే చప్పడి కూడా లోపల పగిలి ఉండొచ్చు. కింద పిల్లోళ్ళు ఆడుకుంటారు, అపాయం అని పెద్దనాయన అనేది నూటికి నూరుపాళ్ళు నిజం.

పడసాల సంగతి వేరే. ఆడ ఉండేది లావు టేకు దూలాలు. లావు మాను కాలేటప్పుడు పైన బొగ్గు పొర కడుతుంది, ఆ పొరే లోపలి మానును కాపాడుతుంది. మంట నేరుగా తగిలినా మామూలుగా నిమిషానికి ఒక మిల్లీమీటరు కంటే తక్కువే లోపలికి పోతుంది. మన దూలాలకి తగిలింది చివర్లలోనే. ఉలితో బొగ్గు గీకి, మిగిలిన మాను ఎంత ఉందో కొలిస్తే తెలిసిపోతుంది. గోడలు మట్టి అడుసుతో కట్టినవి. వాటికి మంట కంటే మనం పోసిన నీళ్ళతోనే ఎక్కువ భయం. అడుగున ఉబ్బిందా, వాలిందా అని చూడాల. ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు, ఒక ముసలి మేస్త్రి, ఒక్క పూట పని. ఆ ఒక్క పూట మనం ఖర్చు పెట్టలే.

ఇంక పెద్దనాయన మాటలు ఒక్కొక్కటి చూద్దాం.

"సైటుగా అయితే రేటు పలుకుతుంది." ఎవరు చెప్పినారు? బ్రోకరు. పడగొట్టే కూలి, మట్టి తోలే కూలి ఆయన లెక్కలో లేవు. తూర్పు గోడ పక్కింటోళ్ళకీ మనకీ ఉమ్మడి గోడ, అది పగిలితే వాళ్ళకి కట్టిచ్చేది ఎవరు? ఈ-స్వత్తు కాగితంలో ఇల్లు అని ఉంది. పడగొడితే కాగితంలో ఒకటి, నేల మీద ఒకటి, మళ్ళీ పంచాయితీ చుట్టూ తిరగాల. కొనేవాడికి సైటే కావాలంటే, అగ్రిమెంటు అయినాక ఆయన ఖర్చుతో ఆయనే పడగొట్టుకుంటాడు.

ట్యాక్సు సంగతి ఎవరూ ఎత్తలే. 1961 ఇన్‌కం ట్యాక్సు చట్టం లెక్కలో, ఇల్లు అమ్మితే 54వ సెక్షను. వచ్చిన లాభం మాత్రం ఇంకో ఇంట్లో పెడితే చాలు. ఖాళీ జాగా అమ్మితే 54ఎఫ్. పూర్తి మినహాయింపు కావాలంటే అమ్మిన డబ్బంతా పెట్టాల, పైగా అమ్మే రోజుకి ఒకటి కంటే ఎక్కువ ఇండ్లు ఉన్నోళ్ళకి అది దొరకదు. పెద్దనాయనా, నీకు చింతామణిలో ఒకటి, బెంగళూరులో ఒకటి ఉన్నాయి. గోడలు కూలిన రోజు అందరికంటే ఎక్కువ నష్టపోయేది నువ్వే కావచ్చు. కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినాయి, కాలిన ఇంటిని ఇల్లని ఒప్పుకుంటారా అనేదీ ఉంది. అందుకే జేసీబీ వాడికి ఫోను చేసే ముందు ఆడిటరుకి చెయ్యండి.

"కాలిన ఇల్లు అశుభం, ఎవరూ కొనరు." ఊరంతా మంట చూసింది. గోడలు తీసేస్తే ఆ మాట పోతుందా? దీనికి ఇంకో వైపు మా అన్న సలహా ఉంది: మసి కడిగి, సున్నం కొట్టి, చెప్పకుండా అమ్మేద్దామని. అది ఇంకా పెద్ద తప్పు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని పెద్ద లోపం మనకి తెలిసుంటే, మనమే చెప్పాల. చట్టం లేకున్నా చెప్పాల. ఏది కాలింది, ఏది నిలిచింది అని ఇంజనీరు రిపోర్టు చేతికిచ్చి అమ్మితే ఎవరికీ తల వంచే పని లేదు.

ఇంకొకటి. తాత వీలునామా రాయలే. అత్తలిద్దరికీ మనతో సమానంగా వాటా ఉంది. అమ్మేదానికి వాళ్ళ సంతకం కావాలని అందరికీ తెలుసు. పడగొట్టేదానికి వాళ్ళని ఎవరు అడిగినారు? ఆ పొద్దు వాళ్ళు లోపల ఓళిగలు కాలుస్తాండారు. వాళ్ళు పుట్టిన ఇల్లు అది.

చివరికి నా స్వార్థం కూడా చెప్తా. నడుమింటి వాకిలి చట్రం మీద మన పిల్లలందరి ఎత్తులూ అవ్వ గీసి పెట్టింది, పక్కన పేర్లు తెలుగులో. బడిలో నాకు వచ్చింది కన్నడ అక్షరాలే. ఆ పేర్లు చూసి, మన కన్నడ "అ" ఇట్ల, ఈ "అ" అట్ల అని పోల్చుకుంటూ తెలుగు చదివేది నేర్చుకున్నా. మదనపల్లి దిక్కు నుంచి వచ్చినోళ్ళం అని చెప్పుకునేదానికి మన దగ్గర వేరే రాతలు పెద్దగా లేవు. జేసీబీ బకెట్టుకి చట్రం, రాయి తేడా తెలియదు.

కాబట్టి అడిగేది ఇంతే. వెనకిల్లు చేత్తో దించిద్దాం, అంతవరకు చుట్టూ కంచె వేద్దాం. ముందరి భాగం చూపించి రిపోర్టు రాయిద్దాం. అత్తలని అడుగుదాం. నడుమింటి చట్రం తీసి భద్రం చేద్దాం. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇల్లుగానే అమ్ముదాం. ఇంజనీరు వచ్చి ముందరి గోడలు కూడా నిలవవు అని రాస్తే, పడగొట్టే కాగితం మీద మొదటి సంతకం నాదే. ఇంజనీరు ఫీజు నేను పెడతా. రోజు మీరు చెప్పండి, నేను లీవు పెట్టి వస్తా.