ఏ సినిమాలోవి?

మల్లీశ్వరి, మిస్సమ్మ అంటే సాలూరి రాజేశ్వరరావుగారిని అందరూ యాద్ చేసుకుంటారు. ఆయన రావు బాలసరస్వతీదేవిగారితో కలిసి ప్రైవేటు గ్రామఫోన్ రికార్డులిచ్చారంటే మాత్రం ‘ఏ సినిమాలోవి?’ అంటారు. ఏ సినిమాలోవీ కావు భాయ్! పక్కకి మూడు నిమిషాల లక్క పలక, అంతే.

ఉర్దూ మీడియంవాణ్ణి కదా, నా షౌక్ మెహదీ హసన్ దగ్గరే ఆగింది. తెలుగులో అంత దర్ద్ ఎక్కడిదని బహస్ చేసేవాణ్ణి. విజయనగరంలో ఒక దోస్తు ఇంట్లో ఆ జోడీ గొంతులు విని నోరు మూసుకున్నా. 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన మనిషి, మన పక్క ఊరాయన! ఇన్నేళ్లూ నేను వినలేదంటే షరమ్ నాదే.

మిగతా రికార్డులు ఇల్లు మారినప్పుడు కబాడీకి తూకానికి పోయాయట. సినిమా ఉంటేనే పాటకి ఇజ్జత్ ఇచ్చే ఈ అలవాటుకి ముందు తలాఖ్ చెప్పాలి. మీ అటక మీద అలాంటి పలకలుంటే, అమ్మేముందు లేబుల్ మీద పేరు చదవండి జర.