గృహకృత్యములు: గుమ్మడికాయలు నిలువచేయుట

తొలకరిలో నాటిన గుమ్మడిపాదు లిప్పుడు వాడుముఖము పట్టినవి. కాయలు కోసి దాచుకొను దినము లివియే. మాఘఫాల్గునములలో కూరలు ప్రియమైనపుడు అటుకమీది గుమ్మడికాయ కూరకును, పులుసునకును ఆధారమగును. అదియే క్రుళ్లినచో నాలుగు నెలల శ్రమ పెంటపాలగును. కావున సోదరీమణులకు కొన్ని సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది కోత. లేతకాయ నిలువదు. తొడిమ యెండి గట్టిపడవలెను. గోరు గ్రుచ్చినను తొక్కలో దిగరాదు. మూడంగుళముల తొడిమ విడిచి కత్తితో కోయవలెను. తొడిమ యూడినచో ఆ దారినే క్రుళ్లు ప్రవేశించును. కావున తొడిమ పట్టి కాయను మోయరాదు.

రెండవది ఆరబెట్టుట. పది దినములు వెచ్చగా గాలి తగులుచోట నుంచి, రాత్రులందు మంచు పడకుండ లోనికి చేర్చవలెను. తొక్క గట్టిపడి చిన్న గీతలు మానును. కడుగరాదు, మట్టిని పొడిగుడ్డతో తుడిచిన చాలును. బూడిదగుమ్మడినైతే తుడువనే కూడదు. దానిపై బూడిద మైనమువంటి పూత. కాయను కాపాడునది యదియే. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నవానిని పట్టి యిచ్చినదియు నదియే!

మూడవది ఉంచుచోటు. పొయ్యి సెగ, నేల చెమ్మ రెండును పనికిరావు. అటుకపై వరిగడ్డి పరచి, కాయ కాయను తాకకుండ నమర్చవలెను. ఉట్టిలో వ్రేలాడదీసినను మంచిదే. నిండుకాయను ఫ్రిజ్జులో నుంచరాదు. 10 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువ చలిలో చెడును. కోసిన ముక్కల కది తగును. వారమున కొకమారు ప్రతి కాయను త్రిప్పి అడుగు చూడవలెను. మెత్తబడినదానిని వెంటనే వేరుచేయనిచో ప్రక్కవానికి అంటును. ఇట్లు కాచుకొన్న తీపిగుమ్మడి రెండు మూడు నెలలును, బూడిదగుమ్మడి అంతకు మించియు నిలుచును.

కడపటిమాట ముఖ్యమైనది. వండబోవుముందు చిన్నముక్క నాలుకపై నుంచి చూడుడు. చేదైనచో ఉమిసి, కాయనంతయు పారవేయుడు. ఆ చేదు విషము, ఉడికించినను పోదు, వాంతులు, విరేచనములు కలిగించును. పిల్లలకు పెట్టక, వృథాయగునని తాము మాత్రము తినుట మన యిండ్లలో పెక్కుమంది యిల్లాండ్ర వాడుక. అది పొదుపు గాదు. ఇల్లాలు పడకపట్టిన నాడు ఆ యింట పొయ్యి వెలిగించువా రెవరు?

వచ్చు మాసమున బూడిదగుమ్మడి వడియములను గూర్చి వ్రాయుదుము.